గడ్డిపోచ అనుకున్నది

డిసెంబరు 2

ఫోటో తీస్తున్నప్పుడు నేను అక్కడ ఉన్నట్టా, లేనట్టా?

ఈ ప్రశ్న ఎన్నేళ్ళుగా నా వెంట తిరుగుతోందో. తత్వశాస్త్రం చదివే రోజుల్లో అయితే దీని మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు చేపల మేత వాసన కొట్టే షెడ్డులో, బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని, కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే అడుక్కుంటున్నాను. జవాబు రాలేదు, తుమ్మొచ్చింది. ఒడ్డున రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. తుమ్మినప్పుడు మాత్రం ఉన్నట్టే.

షెడ్డు బావది. చెరువులూ బావవే. అక్క పోరగా పోరగా పోయిన చలికాలం ఈ పాత షెడ్డు నాకు వదిలేశాడు. గోడకి కంత కొట్టించి, నల్లగుడ్డ వేలాడదీసి, "ఇదిగో మరదలా, నీ రాజమహలు. కూర్చుని కొంగలన్నిటికీ గుర్తింపు కార్డు ఫోటోలు తియ్యి" అన్నాడు.

ఇవాళ గట్టు మీద ఎదురై ఒకటే గోల. నీటికుక్క మళ్ళీ చెరువుల మీద పడిందట. ఎదిగిన చేపల్ని పట్టి, సగం కొరికి, మిగతా సగం ఆయనకి చూపించడానికే అన్నట్టు గట్టున పడేస్తోందట.

"నా చేపలు తిని ఒళ్ళు చేసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. అదొకటి, మీ అక్కొకటి."

అక్క పక్కనే ఉంది. "ఆ రెండో మాట ఇంకోసారి అను, విందాం" అంది. ఆయన అనలేదు.

నీటికుక్క. ఇన్నాళ్ళుగా ఇక్కడికి వస్తున్నాను, నీళ్ళలో మునిగే తోక తప్ప ఏమీ చూడలేదు నేను.

డిసెంబరు 5

పొగమంచు. నా చెయ్యి నాకే కనపడలేదు. లకుముకి పిట్ట అరుపు వినిపించింది, అంతే.

వలలో చచ్చిన చిన్న చేపల్ని గట్టు చివర కుప్పగా పారబోస్తారు. వాటిలో కొన్ని తెచ్చి షెడ్డు ముందున్న బండరాయి మీద పెట్టాను. ఎలాగూ కాకులు తినేవే.

డిసెంబరు 7

చేపలు లేవు. కాకులే అయ్యుంటాయి. మళ్ళీ పెట్టాను.

మా ఫోటోగ్రఫీ క్లబ్బు కార్యదర్శి పళ్ళ డాక్టరు. ప్రతి మీటింగూ ఆయన ఒకే మాటతో మొదలుపెడతారు: మేత వేసి తీసింది ఫోటో కాదమ్మా, స్టూడియో బొమ్మ. నిజమే. కానీ ఇది మేత వెయ్యడం కాదు. అక్కడున్న చేపల్ని ఇక్కడికి జరిపాను.

డిసెంబరు 10

వచ్చింది!

ఎండ ఇంకా నీళ్ళ మీద పడలేదు, పైన పొగ మాత్రం బంగారం రంగుకి తిరుగుతోంది. నీళ్ళు చప్పుడు లేకుండా రెండుగా విడిపోయాయి. ముందు మీసాలు, తర్వాత చదునైన తల. చుట్టూ చూసింది, ముక్కుతో గాలిని చదివింది. బండ మీదకి ఎక్కి ఒళ్ళు విదిల్చింది. చేపని రెండు చేతులతో పట్టుకుంది. అవును, చేతులే, కాళ్ళు అనడానికి మనసొప్పడం లేదు. తల పక్కకి వాల్చి కరకరా నమిలింది. నాకు ఆ చప్పుడు వినపడింది. అంత దగ్గర.

వేలు షట్టర్ మీద అలాగే ఉండిపోయింది. అది నమలడం ఆపి సూటిగా లెన్సు లోకి చూసింది. తర్వాత నీళ్ళు మూసుకున్నాయి.

మా ఆయన నన్నొదిలి ఇంట్లోంచి వెళ్ళిపోయాక ఇంత సంతోషం నాకు ఇదే మొదలు. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇదే.

డిసెంబరు 11

ఆఫీసులో కూడా మనసు అక్కడే. రోజంతా దెబ్బతిన్న వాటి ఫోటోలు చూడటం నా పని. నుజ్జయిన కారు డోర్లు, కాలిన గోడౌన్లు, ఎగిరిపోయిన పైకప్పులు. ఏది తగిలిన దెబ్బ, ఏది కంప్యూటర్లో వేసిన దెబ్బ అని చెప్పినందుకే బీమా కంపెనీ నాకు జీతమిస్తుంది. పక్క సీటావిడ నన్ను "ఎక్స్‌రే" అని పిలుస్తుంది. "ఎక్స్‌రే గారూ, మా ఆయన మొహం కూడా కాస్త చూసి పెట్టండి, అసలుదేనా అని" అంది ఇవాళ.

ఇంటికొచ్చి లెన్సు వైపు చూస్తున్న ఆ ఫోటో తీసి సరిచేశాను. అన్నీ కుదిరాయి: పొగ, మీసాల మీద నీటిబొట్లు, కన్ను. ఒక్క గడ్డిపోచ మాత్రం భుజం మీదుగా అడ్డం వచ్చింది, సన్నగా మెరుస్తూ, తెల్లచొక్కా మీద సిరా గీతలా. జంతువు ఒంటిని ముట్టుకోకూడదు, అడ్డొచ్చిన గడ్డీ గాదం తియ్యొచ్చు అన్నది మా క్లబ్బు నియమమే. మచ్చలు చెరిపే టూలుతో చెరిపేశాను. బొచ్చుకి బొచ్చు అతికింది. నాకే ఆనవాలు దొరకనంత శుభ్రంగా వచ్చింది.

చలికాలం ప్రదర్శనకి పంపేశాను.

డిసెంబరు 16

పళ్ళ డాక్టరు గారు ఫోన్ చేశారు. మొదటి స్థానం నాదే!

"ఏం పళ్ళమ్మా అవి! ఆ కింది కోరపన్ను చూశావా? ఇన్నేళ్ళ ప్రాక్టీసులో అంత ఆరోగ్యమైన చిగుళ్ళు నేను చూడలేదు" అన్నారు. కొత్త సంవత్సరం క్యాలెండరు మీద అదే బొమ్మట. "కెమెరాలోంచి వచ్చిన ఒరిజినల్ ఫైలు ఒకటి పంపించు. ఊరికే లాంఛనం. గెలిచినవాళ్ళందర్నీ అడుగుతాం కదా."

అక్కకి చెప్పాను. బావ వెనకనుంచి అరిచాడు: "ఆ దొంగముండకి క్యాలెండరు కూడానా! నా ఫోటో ఒక్కటైనా గోడకెక్కిందా ఇంట్లో?"

డిసెంబరు 17

మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు తెర మీద ఒరిజినల్ తెరిచాను. అక్కడి తెర పెద్దది.

గడ్డిపోచ ఎడమ భుజం మీద మొదలై మెడ దాటి కుడి చంక కిందకి పోతోంది. గడ్డిపోచ అలా పోదు.

పోవచ్చు. తడిసిన గడ్డి ఒంటికి అతుక్కుంటుంది.

ఇంకా పెద్దది చేశాను. పోచకి పురి ఉంది, రెండు పోగులు కలిపి పేనినట్టు.

"ఏంటి ఎక్స్‌రే గారూ, దొంగ క్లెయిమా?" అంది పక్క సీటావిడ. తెర ఆపేశాను.

డిసెంబరు 18

ఒరిజినల్ పంపలేదు.

డిసెంబరు 19

గడ్డిపోచే. వెలుగు అలా పడింది.

డిసెంబరు 20

తీగ.

పొద్దున్నే వచ్చింది. ఈసారి నా కళ్ళు ఇంకెక్కడికీ పోలేదు. ఉక్కు తీగ, మెడ మీదుగా చంక కిందకి. ఉచ్చులో పడి, కొసని తెంపుకుని వచ్చినట్టుంది. భుజం దగ్గర బొచ్చు విడిపోయింది, లోపల ఎర్రగా ఉంది. చేప వైపు చెయ్యి చాపినప్పుడల్లా తీగ బిగుస్తోంది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చాపుతోంది.

కెమెరా దించలేదు నేను. ఇది కూడా రాసుకోవాలి. దించలేదు.

అది వెళ్ళాక కంచె వెంట నడిచాను. షెడ్డు పక్కనే కంచె వలకి కింద కంత ఉంది. పక్క స్తంభానికి తెగిన తీగ కొస వేలాడుతోంది. దాని పక్కనే కొత్త ఉచ్చు, గుండ్రంగా, కంతకి సరిగ్గా సరిపోయేలా. చేపలకి గాలి అందేలా నీళ్ళని చిలికే చక్రాలని కట్టడానికి బావ వాడే తీగ అది. చక్రాలు చెడినప్పుడు ఆ చుట్టలు నేనూ మోసిచ్చాను.

కంతలోంచి బురదలో దారి పడి ఉంది, అడుగు మీద అడుగుగా. ఆ దారి ఎటూ వంకర తిరగలేదు. తిన్నగా నా బండరాయి దగ్గరికి వచ్చింది. ఆ దారి వెయ్యడానికి దానికి కారణం చూపించింది ఎవరు? ఉచ్చు ఎక్కడ పెట్టాలో బావకి ఆ దారే చూపించి ఉంటుంది.

ముడి విప్పబోయాను. వేళ్ళు కొయ్యబారాయి. ఇంకాస్త ప్రయత్నిస్తే వచ్చేదే. ముందు బావతో ఒక మాట అనడం పద్ధతి అనిపించింది. కంతకి అడ్డంగా రాయి దొర్లించి వచ్చేశాను.

పద్ధతి!

డిసెంబరు 22

మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనం. చేతులు కడుక్కున్నాక ఫోన్లో ఫోటో తీసి బావ ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగా వచ్చింది" అన్నాడు.

"బావా, మెడ చూడు."

"చూశాను."

"ఆ తీగ నీదే."

"తీగ నాదే. చేపలెవరివి?" కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు, అందుకే భయం వేసింది. "చూడమ్మాయ్. నీకు ఫోటోలు కావాలి. నాకు చేపలు కావాలి. పొద్దున్నే లేచి ఇద్దరం దాని కోసమే కాసుక్కూర్చున్నాం. నువ్వు పుణ్యాత్మురాలివి, నేను కసాయివాణ్ణి అని మాత్రం నా ఇంట్లో కూర్చుని చెప్పకు."

"అది చచ్చిపోతుంది."

"పోయినేడు చెరువు చెరువంతా తెల్లారేసరికి చేపలు చచ్చి తేలిపోతే ఫోటో తీయడానికి కూడా రాలేదు నువ్వు. వాసనన్నావు."

అన్నాను. నిజమే.

అక్క గిన్నెలు సర్దుతూనే అంది: "తీసెయ్యండి అవి. ఎవరైనా చూస్తే మన పరువేం కాను?" ఆవిడకి పరువు గుర్తొచ్చింది. ఏదో ఒకటి గుర్తొచ్చింది కదా.

"తీసేస్తాలే" అన్నాడు బావ. "ఈ వారంలో తీసేస్తా. సరేనా, జడ్జిగారూ?"

సరేనన్నాను. మరి దాని మెడ మీదున్నది ఎవరు తీస్తారు?

డిసెంబరు 24

సెలవు పెట్టి జంతువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు నాకంటే చిన్నది, గబగబా మాట్లాడుతుంది. ఫోటోలన్నీ వరసగా తిప్పింది.

"పదో తారీకు ఫోటోకి, ఇరవయ్యో తారీకు ఫోటోకి చూడండి ఎంత లోపలికి దిగిందో. ఇంకొన్నాళ్ళు పోతే ఈ చెయ్యి ఆడదు. చెయ్యి ఆడకపోతే చేప దొరకదు. అర్థమైంది కదా?"

నీటికుక్కని పట్టడం అంత తేలిక కాదట. రోజూ వచ్చే చోటు ఏదైనా ఉండాలట. "మేత వేస్తున్నారా?" అంది.

"...వేస్తున్నాను. అంటే, వేసేదాన్ని. ఆపేశాను."

"మళ్ళీ మొదలుపెట్టండి. మీరు చేసిన మంచిపని అదే ఇప్పుడు." దేనికి ఎవరూ నన్ను మెచ్చుకోకూడదో దానికి మెచ్చుకుంది.

"తీగ ఎవరు పెట్టారు?"

"తెలీదండీ."

ఆమె ఫోటోల్లోంచి తలెత్తి నా మొహంలోకి చూసింది.

డిసెంబరు 26

బావని అనుమతి అడిగాను. ఏ గొడవా చెయ్యలేదు. "పట్టుకుపొమ్మను. నాకు పీడ వదులుతుంది. దూరంగా, బాగా దూరంగా వదలమను, తిరిగొచ్చే దారి తెలీకుండా" అన్నాడు.

"ఉచ్చులు తీశావా?"

"తీస్తున్నా."

డిసెంబరు 28

ఇవాళ్టిది రాయాలా వద్దా అనుకుంటూ టీ చల్లారబెట్టుకున్నాను.

కారు రిపేరుకి ఇచ్చాను కాబట్టి బస్సు దిగి నడిచి వెళ్ళాను. నేను షెడ్డులో ఉన్నానని ఎవరికీ తెలీదు. బండ మీద చేపలు పెట్టి కూర్చున్నాను. పొగమంచు కదులుతోంది, ఓసారి అవతలి గట్టు కనపడుతుంది, ఓసారి ఉండదు. ఆ కాస్త సందులో బావ కనిపించాడు. భుజానికి తీగ చుట్ట. కంచె దగ్గర ఒక స్తంభం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తీగ మీద.

కెమెరా ఎప్పుడెత్తానో తెలీదు. ఒక్కసారి నొక్కాను.

కొంగ మెడ తిప్పితేనే ఇరవై ఫోటోలు తీసేదాన్ని. ఒక్కసారి నొక్కి దించేశాను. దించి, కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పొగ తప్ప ఏమీ లేదు. వెళ్ళేటప్పుడు ఆయన భుజం మీద తీగ చుట్ట ఉందో లేదో నేను చూడలేదు.

తర్వాత ఆ గట్టంతా తిరిగాను. అన్నీ ఒకేలాంటి స్తంభాలు, ఏది ఆయన కూర్చున్న చోటో పోల్చుకోలేకపోయాను. ఉచ్చులు కనపడలేదు. షెడ్డు పక్కనున్నది కూడా లేదు. అది నిజం. కానీ వల నీళ్ళ లోపలికి దిగి ఉంటుంది, ఆ లోపల ఏముందో పైనుంచి తెలీదు. అయినా కనపడే ఉచ్చు ఎవరు పెడతారు?

డిసెంబరు 29

ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. తీగ గుండ్రంగా ఉంది. కుడిచెయ్యి బొటనవేలు ముడి మీద ఉంది. ముడి వేసేటప్పుడూ అక్కడే ఉంటుంది, విప్పేటప్పుడూ అక్కడే ఉంటుంది.

కాలిన గోడ చూసి నిప్పు ఏ మూల పుట్టిందో చెబుతాను. నన్ను ఎక్స్‌రే అంటారు.

డిసెంబరు 31

పట్టుకున్నాం.

డాక్టరూ, ఆమె మనిషీ వ్యాను గట్టు అవతల ఆపి అందులోనే కూర్చున్నారు. కొత్త మనిషి వాసన తగిలితే రాదట. బండ మీద బోను, బోనులో చేప, బోను తలుపు నుంచి షెడ్డు కంతలోంచి నా చేతికి తాడు. "మొత్తం లోపలికి వెళ్ళాకే వదలండి. తొందరపడితే తోక తెగుతుంది. ఆలస్యమైతే ఇంక జన్మలో రాదు" అని చెప్పి వెళ్ళింది.

కెమెరా తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళాను, సంచిలోంచి తియ్యలేదు.

చాలాసేపు ఏమీ లేదు. వదిలేస్తానేమోనని తాడుని మణికట్టుకి చుట్టుకున్నాను, చుట్టుకుంటే వదలాల్సినప్పుడు వదల్లేనేమోనని విప్పాను. అప్పుడొచ్చింది. మెల్లగా, ఒక చెయ్యి ఎత్తి పెట్టి, మూడు కాళ్ళ మీద. బోను ముందు ఆగింది. బోనుని చూడలేదు, కంత వైపు చూసింది, నల్లగుడ్డ వైపు. నేనున్నానని దానికి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. ఉంటే ఏం, చేపలు పెట్టే మనిషే కదా అనుకుని ఉంటుంది. లోపలికి వెళ్ళింది.

వదిలేశాను.

ఆ అరుపు రాయలేను.

మత్తు ఇచ్చి తీగ కత్తిరించారు. బొచ్చు లోంచి లాగుతుంటే తీగకి అంటుకుని వచ్చింది చూసి మొహం తిప్పుకున్నాను. బావ అప్పుడే గట్టు మీదకి వచ్చి నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

"బతుకుతుంది" అంది డాక్టరు. పొట్ట తడిమి ఆగింది. "ఆడది. పాలున్నాయి."

అప్పుడు వినపడింది, ఒడ్డున జమ్ముగడ్డిలోంచి సన్నటి ఈల. ఆగి, మళ్ళీ. ఇన్నాళ్ళూ అది ఏదో పిట్ట అనుకున్నాను నేను.

"పిల్ల ఉంది. దూరంగా వదలడం కుదరదు" అంది డాక్టరు. "ఇవాళ కట్టు కట్టి ఉంచుతా. ఎల్లుండి పొద్దునకల్లా ఇక్కడే వదలాలి, అంతకంటే పిల్ల ఆగలేదు. ఏమండీ, మీ చెరువుల దగ్గర ఉచ్చులేమైనా ఉన్నాయా?"

"ఉచ్చులా? మా దగ్గర ఎక్కడివి డాక్టరుగారూ" అన్నాడు బావ. నా వైపు చూడలేదు.

వ్యాను ఎక్కుతూ ఆమె నన్ను పక్కకి పిలిచింది. "రోజూ ఇక్కడ కూర్చునేది మీరు. మీరు చెప్పండి. ఉన్నాయంటే అటవీశాఖ వాళ్ళని తీసుకొచ్చి నీళ్ళు తోడించైనా వెతికిస్తా, కేసవుతుంది, రోజులు పడతాయి. పిల్ల సంగతి దేవుడికే తెలియాలి. లేవంటే ఎల్లుండే వదిలేస్తా. తెలీదన్నా ఉన్నట్టే లెక్క. రేపు ఫోన్ చెయ్యండి."

జనవరి 1

అక్క వచ్చింది. మూడంతస్తులెక్కి ఆయాసపడుతూ, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. నీళ్ళిచ్చాను. తాగలేదు.

"ఆయన తీసేశానన్నారు."

"అన్నాడు."

"మరి నీకేంటే బాధ?"

"నిజమో కాదో తెలీదక్కా."

"తెలీదా? నీ కాపురం చెడి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఆయన మాట అబద్ధమైందా ఒక్కసారైనా? రోజూ పొద్దున్నే నీ గది తలుపు కొట్టి, ఒక్క ప్రశ్న అడక్కుండా టీ గ్లాసు పెట్టి వెళ్ళింది ఎవరే?"

బావే.

"అప్పుడు నమ్మకానికి ఫోటో అడిగావా?"

అందుకే చూపించానేమో. ఫోన్ తీసి ఆ ఒక్క ఫోటో ఆవిడ ముందు పెట్టాను. పొగ, స్తంభం, చేతులు. అక్క ఫోన్ చేతిలోకి తీసుకుంది. దూరంగా పెట్టుకుని చూసింది, దగ్గరగా చూసింది. కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్టయి వెళ్ళిపోయేదాకా చూసింది.

"విప్పుతున్నారు" అంది.

"ఎలా తెలుసు?"

"మా ఆయన చేతులు నాకు తెలీవా?" ఫోన్ తిరిగిచ్చింది. "ఇది తీసెయ్."

తీసెయ్యలేదు. తీసేశానని అన్నాను.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, వెనక్కి తిరక్కుండా అంది: "ఆయన అబద్ధం చెప్పారని నీకు తెలిస్తే చెప్పు. నేనే వచ్చి ఆ డాక్టరుకి చెప్తాను. తెలీకపోతే మాత్రం... తెలీనిదాని కోసం మమ్మల్ని రోడ్డు మీదకి లాగకు."

సాయంత్రం డాక్టరుకి ఫోన్ చేశాను. ఎత్తగానే అడిగింది, "ఉన్నాయా?"

"లేవు" అన్నాను.

"మీరు చూశారా?"

"చూశాను."

జనవరి 2

వదిలారు. బోను తలుపు ఎత్తాక కాసేపు కదల్లేదు. తర్వాత నీళ్ళ అంచు దాకా నడిచింది. ఆ చెయ్యి నేల మీద పెట్టింది. పెట్టింది, చూశాను నేను. మునిగింది.

ఈల వినపడుతుందని నిలబడ్డాను. బావ ఆ పక్క స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరం ఒకే వైపు చూస్తూ ఉన్నాం.

వినపడలేదు.

జనవరి 4

ఒరిజినల్ పంపించి, ప్రదర్శన నుంచి తప్పుకుంటున్నానని రాశాను. పళ్ళ డాక్టరు గారు వెంటనే ఫోన్ చేశారు. "గడ్డిపోచ అనుకున్నావా అమ్మా?" అన్నారు. చాలా మెత్తగా అడిగారు. అవునన్నాను. "మేమంతా పెద్ద తెర మీద వేసుకుని చప్పట్లు కొట్టాం" అన్నారు.

జనవరి 6

రాలేదు.

జనవరి 7

రాలేదు. బండ మీద చేపలు పెట్టొద్దని డాక్టరు చెప్పింది. పెట్టలేదు.

బావ షెడ్డు బయట దగ్గి లోపలికి వచ్చాడు. టీ గ్లాసు డబ్బా మీద పెట్టాడు. "చలిగా ఉంది" అన్నాడు. "అవును" అన్నాను. ఆయన చేతులు చూశాను. బొటనవేలు కొస కోసుకుపోయి ఉంది, ఆరుతున్న గాయం. తీగ కట్టినా కోసుకుంటుంది, విప్పినా కోసుకుంటుంది. నేను చూడటం ఆయన చూశాడు. చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అడగొచ్చు. "బావా, ఆ రోజు వేస్తున్నావా, తీస్తున్నావా?" అంతే కదా. అడిగితే తీస్తున్నా అంటాడు. ఆ తర్వాత నేను ఎక్కడికి పోవాలి?

జనవరి 10

ఇవాళ జమ్ము దగ్గర బురదలో అడుగులు కనిపించాయి. ఒకటి పెద్దది, పక్కన ఒకటి చిన్నది. తాజావో పాతవో చెప్పలేను, రాత్రి మంచుకి అంచులు కరిగిపోయాయి. అక్కడే నిలబడి చాలాసేపు చూశాను. ఎక్కడా ఈల లేదు. ఈల లేదంటే తల్లి దొరికి పిలవడం మానేసి ఉండొచ్చు. ఇంకోటి కూడా అయ్యుండొచ్చు.

ఇదంతా రాస్తూ వచ్చి చివరికి ఒక్క చోట ఆగిపోతున్నాను. డాక్టరు "మీరు చూశారా" అంటే "చూశాను" అన్నాను. నేను చూడలేదు. కళ్ళు మూసుకున్నాను. ఆ మాట ఎందుకన్నానో రోజూ ఒక కారణం చెప్పుకుంటున్నాను: పిల్ల ఆగలేదు కాబట్టి, అక్క మొహం చూసి, టీ గ్లాసు గుర్తొచ్చి. అన్నీ నిజాలే. కానీ ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది పిల్లా కాదు, అక్కా కాదు. బంగారం రంగు పొగలో, బండ మీద, మెడ మీద ఏ గీతా లేకుండా నా లెన్సు లోకి చూస్తున్న ఆ మొహం.

బావని నమ్మి ఆ మాట అన్నానా, దాన్ని మళ్ళీ నా ముందు చూసుకోవాలన్న ఆశతో అన్నానా? నాకు తెలియదు. ఎంత కూర్చున్నా తేలడం లేదు.